అడుగుడు గుండు

మా ఊరి పడమటి గుట్ట మీద ఒక గుండు ఉంది. దానికి గుడి లేదు, పూజారి లేడు, హుండీ అసలే లేదు. ఒకదానికొకటి ఒరిగిన రెండు పెద్ద బండల నీడలో, చదునైన రాతి మీద ఉంటుంది. చెంబు కంటే పెద్దది, బిందె కంటే చిన్నది. ఎన్ని తరాల చేతులు పడ్డాయో, ఎంత నూనె తాగిందో, నల్లగా నున్నగా అయిపోయింది. అడుగుడు గుండు అంటారు. దేవరుప్పుల చుట్టుపక్కల పెళ్లి సంబంధం మొదలు బోరు వేయించడం దాకా దాన్ని అడగని ఇల్లు తక్కువ. వేసిన బోరు ఎండిపోయినవాళ్లు కూడా గుండును ఒక్క మాట అనరు, మాకే అడగడం చేతకాలేదు అంటారు.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. తలకు పోసుకొని పరగడుపున గుట్ట ఎక్కాలి. గుండు ముందు కూర్చుని కళ్లు మూసుకొని మనసులో ఒకే ఒక్క మాట అడగాలి. తర్వాత రెండు చేతులా లేపాలి. తేలిగ్గా లేస్తే అవును, బరువు అనిపిస్తే కాదు. అడిగిన మనిషికి లేపే శక్తి లేకపోతే ఇంటి మనిషి ఎవరైనా లేపవచ్చు. అప్పుడు అడిగినవాళ్లు కళ్లు తెరవకూడదు, లేపినవాళ్ల నోటి మాటే జవాబు. ఇక అన్నిటికంటే గట్టి కట్టుబాటు, ఏం అడిగామో ఎవరికీ చెప్పకూడదు. లేపే మనిషికి కూడా చెప్పకూడదు.

నేను బస్సు కండక్టర్‌ని. పెళ్లయినప్పటి నుంచి మహబూబాబాద్‌లో ఉంటున్నాను. నాకు నోరు ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా డ్రైవర్లు నన్ను ఎప్పుడూ ఆటపట్టిస్తారు. నిండు బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి పంపాలంటే మంచి నోరు పనికిరాదని నేను అంటాను. ఏ మాటైనా మొహం మీద అనేయగల మనిషిని. ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట ఐదేళ్లు నా గొంతులోనే ఉండిపోయింది.

మా నాయిన గీత పని చేసేవాడు. మోకు నడుముకు కట్టుకొని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాటిచెట్లు ఎక్కి కల్లు లొట్లు దించేవాడు. నలభై ఏళ్లు అదే పని. నేల మీద ఉన్నప్పుడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. చెట్టెక్కితే మాత్రం పైనుంచి ఊరందరినీ పలకరించేవాడు. ఎవరి కోడలు పుట్టింటికి పోతోందో, ఎవరి బర్రె ఎవరి చేన్లో పడిందో అన్నీ ఆయనకే ముందు తెలిసేవి. ఆయనకు షుగరు ఉందని మాకు తెలిసింది, తుమ్మముల్లు గుచ్చుకున్న కాలివేలు నెల దాటినా మానకపోతేనే. జనగామలో చూపించాం. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపారు. అప్పటికి పాదమంతా నల్లబడింది. మోకాలి కింద దాకా కాలు తీసేయాలి, లేకపోతే విషం పైకి ఎక్కి ప్రాణానికే ముప్పు అని డాక్టరు చెప్పాడు. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ ఆ రాత్రికే చిల్పూర్ గుట్ట దేవునికి ముడుపు కట్టింది. అయినా ఆమెకు నిమ్మళం లేదు. తెల్లారి పక్క మంచం వాళ్లను నాయినను చూసుకొమ్మని బతిమాలి, నన్ను వెంటబెట్టుకొని మొదటి బస్సుకే ఊరికి వచ్చింది. ఆమె కుడి జబ్బ అంతకు ముందు ఏడు విరిగి సరిగ్గా అతకలేదు. ఆ చెయ్యి ఎత్తి దువ్వుకోవడం కూడా కష్టమే. అందుకని గుండు నేను లేపాలి. నేను ఒక్కదాన్నే బిడ్డను, ఇంకెవరు లేపుతారు?

గుట్ట ఎక్కాం. అవ్వ గుండుకు నీళ్లు పోసి, నూనె రాసి, పసుపు పెట్టి, కళ్లు మూసుకొని కూర్చుంది. పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. ఏం అడుగుతుందో నాకు చెప్పనక్కరలేదు అనుకున్నాను. మొగుడు చావుబతుకుల్లో ఉన్న ఆడమనిషి బతుకుతాడా అని కాక ఇంకేం అడుగుతుంది?

నేను వంగి గుండును పట్టుకున్నాను. లేవలేదు. మళ్లీ పట్టు సరిచేసుకొని గుంజాను. జానెడు లేచిందేమో, నడుము కలుక్కుమంది. రాయి బరువు రోజుకొక తీరుగా మారదని నాకూ తెలుసు, ఇంటర్ దాకా చదువుకున్నదాన్నే. ఇదే గుండును చిన్నప్పుడు ఒకసారి నవ్వుకుంటూ లేపాను కూడా. రాత్రంతా నిద్ర లేదు, కడుపులో మెతుకు లేదు, భయం. చేతుల్లో సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లెక్కలన్నీ తర్వాత వేసుకున్నవి. ఆ క్షణాన నాకు అర్థమైంది ఒక్కటే, నాయిన బతకడు.

ఎట్లున్నదని అవ్వ కళ్లు తెరవకుండానే అడిగింది. తేలిగ్గా లేచిందని చెప్పాను.

ఆమె ముఖం వెలుగుతుందనుకున్నాను. వెలగలేదు. తల వంచుకొని చాలాసేపు అట్లాగే కూర్చుంది. సంతోషం ఎక్కువైతే కూడా మనిషి ఇట్లాగే అవుతుందేమో అని సర్దిచెప్పుకున్నాను. ఆమెను దవాఖానలో దింపి నేను డ్యూటీకి పోయాను. సాయంత్రం ఫోన్ చేసింది. కాలు తీయించడం లేదని, ఇంటికి తీసుకుపోతున్నామని, ఇక తననేమీ అడగవద్దని చెప్పి పెట్టేసింది.

బస్సులో ఉన్నాను. గుండు బతుకుతాడని చెప్పింది కాబట్టి కాలు కోయడం ఎందుకు అనుకుందన్న మాట! నేను ధైర్యం చెబుదామని ఆడిన అబద్ధం పట్టుకొని ఆమె డాక్టరు మాట కాదన్నది. అప్పుడే చెప్పాల్సింది, బరువుందవ్వా అని. మర్నాడు ఊరికి పోయింది చెబుదామనే. నాయిన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. తాటిచెట్ల వైపు చూస్తున్నవాడు, నన్ను చూసి నవ్వాడు. బరువుందని చెబితే ఆయన బతకడని నా నోటితో నేనే చెప్పినట్టు. చెప్పలేకపోయాను. పిరికితనం, ఇంకే పేరూ లేదు దానికి. రెండు నెలలు నిండకుండానే నాయిన పోయాడు.

ఆ తర్వాత నేను గుట్ట వైపు పోలేదు. ఊరికి పోయినా ఆ దిక్కు చూడకుండా వచ్చేదాన్ని. అవ్వ మాత్రం ప్రతి సోమవారం ఎక్కేది. వానైనా ఎండైనా, ఎడమ చేత్తో నీళ్ల చెంబు పట్టుకొని, గుండుకు స్నానం చేయించి నూనె రాసి వచ్చేది. ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగితే మొక్కుందని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయ్యేది నా పని. బతుకుతాడని మాట ఇచ్చి తప్పిన రాయికి ఈమె ఇంకా ఎందుకు మొక్కుతోంది? అడగడానికి నాకు మొహం లేదు.

ఆ ఐదేళ్ల నడుమ నాకు కొన్నాళ్లు భూపాలపల్లి రూటు పడింది. ఆ దిక్కు అడవి అంచున రాకాసి గుళ్లు ఉన్నాయి. నాలుగు దిక్కులా పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన ఒక బండ కప్పి ఉంటాయి. వేల ఏళ్ల కిందటి మనుషుల సమాధులట. అంత రాయిని మనుషులు లేపలేరని రాకాసుల పేరు పెట్టారు. సెలవు దొరికిన రోజు పనిగట్టుకొని పోయి వాటి దగ్గర కూర్చునేదాన్ని. అరచేతులు బండకు ఆనిస్తే, పైన ఎంత ఎండ ఉన్నా లోపలి వైపు చల్లగా తగిలేది. నాకు మంత్రాలు రావు, ధ్యానం అంటే ఏమిటో తెలియదు. కానీ అక్కడ కూర్చుంటే ఎవరో పెద్దవాళ్ల ఎదుట ఉన్నట్టుండేది. తమ వాళ్లు చనిపోతే ఇంత బరువు మోసిన మనుషులు వాళ్లు. నేను ఒక మాట మోయలేక చస్తున్నాను. ఒకరోజు ఆ బండకు తల ఆనించి, జరిగిందంతా పైకే చెప్పాను. ఏడుపు వచ్చింది, కొంత తేలికైంది కూడా. ఇంటికి వచ్చాక మళ్లీ మామూలే. చెప్పాల్సింది రాళ్లకు కాదు, అవ్వకు.

పోయిన ఏడు చలికాలంలో అవ్వ గుట్ట దిగుతూ జారి పడింది. దెబ్బ పెద్దది కాదు కానీ ఒంటరిగా పంపడానికి నాకు మనసు ఒప్పలేదు. మానుకోమంటే మానదు. ఆ సోమవారం సెలవు పెట్టి వెంట పోయాను. ఐదేళ్ల తర్వాత ఆ బండల నడుమకు పోవడం. ఆమె గుండును కడుగుతుంటే నేను పక్కన నిలబడ్డాను. ఒంటి చేత్తో, పసిపిల్లకు పోసినట్టు పోస్తోంది. నూనె రాసి, ఆ గుండు మీద నుదురు ఆనించింది. తప్పు కాయమని సన్నగా గొణుక్కుంది. తప్పు చేసింది నేనైతే ఈమె దండం పెడుతోంది. ఇక నావల్ల కాలేదు.

"అవ్వా, ఆనాడు గుండు తేలికగ లేవలే. బరువున్నది. నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నేను ఆగకుండా చెప్పేశాను. బతుకుతాడని నేను చెప్పబట్టే నువ్వు కాలు తీయనియ్యలేదని, నాయినను చంపింది నేనేనని, ఐదేళ్లుగా నాకు నిద్ర లేదని. కాళ్ల మీద పడబోతే ఆమె ఎడమ చెయ్యి నా భుజం పట్టి ఆపింది.

"బతుకుతడా అని నేనడగలే బిడ్డా."

అడిగింది చెప్పకూడదు. ఆ కట్టుబాటును మా ఊళ్లో ఎవరూ దాటగా నేను చూడలేదు. ఆమె గుండు వైపు ఒకసారి చూసి, దాటింది.

"కాలు తీపియ్యాల్నా అని అడిగిన. తేలికున్నదని నువ్వంటివి. తీపియ్యమన్నట్టే కదా."

తర్వాత జరిగింది ఆమె నేల చూస్తూ చెప్పింది. ఆ సాయంత్రం సంతకం పెట్టడానికే దవాఖానకు పోయిందట. నాయిన ఆమె చెయ్యి పట్టుకున్నాడట. ఉన్నన్ని రోజులు రెండు కాళ్ల మీద ఉండనియ్యమని, తనను కోయనియ్యవద్దని ఏడ్చాడట. నలభై ఏళ్ల సంసారంలో ఆయన నోరు తెరిచి తననేదైనా అడగడం అదే మొదలని చెప్పింది. గుండు తీయించమన్నా, మొగుని కన్నీళ్లు చూసి ఆ మాట దాటింది. ఆయన పోయాక, గుండు మాట వినక తానే చంపుకున్నానని నమ్మింది. ఎవరికీ చెప్పుకోకూడదు కాబట్టి చెప్పుకోలేదు. ప్రతి సోమవారం వచ్చింది.

నేను అక్కడే కూర్చున్నాను. కాలు తీయించమని చెప్పింది డాక్టరు, ఆ మాట ఈనాటికీ నిజమే. కానీ అవ్వ భయపడింది డాక్టరుకు కాదు, గుండుకు. బరువున్న గుండు నిజానికి చెప్పింది తీయించవద్దనే, ఆమె దాని మాట దాటనే లేదు. నాయిన విషయంలో నేను చేశాననుకున్న తప్పు నేను చేయలేదు. నేను నిజంగా చేసిన తప్పు ఐదేళ్లుగా నా తల్లి రూపంలో ఈ గుట్ట ఎక్కుతూ దిగుతూ ఉంది, నేను చూస్తూ ఊరుకున్నాను.

అవ్వ నా పక్కనే కూలబడింది. నన్ను కొట్టింది. ఆ ఎడమ చేత్తోనే వీపు మీద రెండు దెబ్బలు, గట్టిగా. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె నన్ను కొట్టడం అదే మొదలు. తర్వాత అదే చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది.

"నిజంగ బరువుండెనా?"

"నిజంగనే అవ్వా. రెండుసార్లు గుంజిన. బరువుండె."

"మళ్ల చెప్పు."

చెప్పాను. మళ్లీ చెప్పమన్నది. మళ్లీ చెప్పాను. బండల నీడ జరిగి మా మీద ఎండ పడేదాకా ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.