బూడిద ఇటుకల సార్

మా సార్ పోయారు. పోయిన నెల, సూర్యాపేట దవాఖానలో. ఫోన్ చేసిన వాళ్లబ్బాయి చివర్లో, "ఆఫీసు తాళాలు నాన్న జేబులనే ఉన్నయన్నా, తీసుకపో" అన్నాడు. ఆ ఆఫీసులో ఉన్నది ఇద్దరమే, ఆయన ఇంజనీరు, నేను అసిస్టెంటు. కాబట్టి ఈ సంతాప సభకు అధ్యక్షుడిని, వక్తను, శ్రోతను నేనే.

సార్‌కు ఒకే కోరిక. పోయేలోగా మన దిక్కున ఒక్క బిల్డింగుకైనా, పర్యావరణానికి చెరుపు చేయని కట్టడమని ఇచ్చే గ్రీన్ సర్టిఫికెట్ తెప్పించాలి. అందుకు సరుకు దగ్గర్నుంచే రావాలి, వీలైతే వ్యర్థాలతో చేసింది కావాలి, రంగుకు ఘాటు ఉండకూడదు. సార్ పెళ్లిచూపులకు పోయినట్టే షాపులకు పోయేవారు. టైల్ తిరగేసి మొదటి ప్రశ్న: "ఏ ఊరుదిది?" దూరం ఊరైతే ఎంత అందగత్తెయినా సంబంధం తప్పిపోయినట్టే. రంగు డబ్బా మూత తీయించి, ముక్కు లోపల పెట్టి తీరిగ్గా పీల్చేవారు. మిర్యాలగూడలో ఒక షాపాయన మమ్మల్ని చూడగానే డబ్బాలు లోపలికి సర్దేవాడు.

"కట్టినోడు పోయినా గోడ ఊపిరి ఇడుస్తనే ఉంటది రా. జర మంచి ఊపిరి ఇడవనియ్యి" అనేవారు.

చివరికి కోదాడలో ఒకాయన తన ఫంక్షన్ హాలుకు ఒప్పుకున్నాడు. కరెంటు ప్లాంటు బూడిదతో చేసిన ఇటుకలు దిగాయి. వాటి పక్కన నిలబడి సార్ ఫొటో దిగారు. పెళ్లి ఫొటోలో కూడా అంతలా నవ్వలేదని మేడం సాక్ష్యం. గోడలు నడుమెత్తు లేచాక ఓనరు వాళ్లమ్మ వచ్చింది.

"ఏంటయ్యా ఈ రంగు?"

"బూడిద ఇటుకలమ్మా" అన్నారు సార్, గర్వంగా.

"పెళ్లిళ్లు జరిగే చోట బూడిదా!"

"ఇబూతి పెట్టుకోరా అమ్మా? అది బూడిద గాదా?"

"నుదుటన పెట్టుకుంటాం నాయనా. గోడలు కట్టుకోం."

నేను నవ్వాను. సార్ నవ్వలేదు. వారం తిరక్కుండానే ఆ గోడలు పడగొట్టి ఎర్ర ఇటుకలు పెట్టారు, ముందువైపు మొత్తం అద్దాలు. సార్ రోడ్డవతల నిలబడి చూసి, "ఇగ ఖతం రా" అన్నారు. తర్వాత మరొకరు ఒప్పుకోలేదు. సార్ అడగనూ లేదు. షాపులో టైల్ తిరగేయడం మానేసిన రోజు నాకు మొదటిసారి భయమేసింది.

నిన్న పెన్‌పహాడ్‌లో వాళ్ల చేను దగ్గరికి వెళ్లాను. వాళ్లబ్బాయి ప్రేమగా సమాధి కట్టిస్తున్నాడు. చుట్టూ ఇనుప కంచె, దానికి అప్పుడే వెండి రంగు వేస్తున్నారు. ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చాయి. వాళ్లబ్బాయి నా భుజం మీద చెయ్యేసి, "ఏడవకన్నా" అన్నాడు. రంగు వల్లే అని చెప్పబోయి ఊరుకున్నాను.

పైన పరిచిన తెల్లరాయి ఎండకు తళతళలాడుతోంది. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఏ ఊరుది మేస్త్రీ ఈ రాయి?"

"రాజస్థాన్ది. మస్తు దూరంకెళ్లి తెప్పిచ్చిర్రు" అన్నాడు, మెచ్చుకోలుగా.

ఆ కట్టడం మొత్తంలో దగ్గరి సరుకు ఒక్కటే. రాయి కింద, కుండలో, గుప్పెడు బూడిద.