ఇటలీ ఆమె నేర్చుకున్న తిట్టు

నిజామాబాద్‌లో మా మేడమీది గదిలోకి ఒక ఇటలీ ఆమె భర్తతో అద్దెకు దిగింది. శిశుగృహంలోని నాలుగేళ్ల పాపను దత్తత తీసుకోవడానికి వచ్చారు. పాప తనను ఒప్పుకోదేమోనని ఆమెకు భయం. రోజూ పొద్దున్నే మా అవ్వ దగ్గర, అంటే మా అమ్మ దగ్గర, తెలుగు నేర్చుకునేది. ముద్దు మాటలు అడిగితే అవ్వ తిట్టు నేర్పింది.

"ముద్దు జేసేటోళ్లు సుట్టాలు బిడ్డా. తిట్టేది అవ్వనే," అంది.

ఇటలీ ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈపు పగుల్తది సూడు" అని కూరగాయల బండి అతని మీద ప్రయోగించింది. అతను గుప్పెడు కొత్తిమీర ఎక్కువే వేశాడు.

ఇంటికి తెచ్చిన రోజు పాప మంచం కింద దూరి ఎంత పిలిచినా రాలేదు. ఆమె నేలమీద కూర్చుని, బతిమాలినట్టు మెల్లగా అదే తిట్టు తిట్టింది.

పాప తల బయటపెట్టింది. "గట్ల గాదు, కండ్లురిమి తిట్టాలె," అంటూ ఎట్లా తిట్టాలో చూపించడానికి ఆమె ఒళ్లోకి ఎక్కింది.