ఎనభై మూడో ఏనుగు

మా బావ షాలేమ్‌రాజు ఈ లోకంలో చేసిన ఆఖరి పని ఒక ఏనుగును ఫెయిల్ చెయ్యడం. ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్న, ఉప్మా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు చేసే సూరన్న ఆటోవాడి చేత పంపిన మామిడికాయంత కొయ్య ఏనుగును టార్చిలైటు వేసి చూశాడు. స్పానరుతో దాని వీపు మీద టక్కుమని కొట్టాడు. "సెవులు సిన్నవి. ఫెయిల్. సూరన్నకి సెప్పు," అని నా చేతిలో పెట్టాడు. ఉప్పు చాలలేదని ఉప్మాను కూడా ఫెయిల్ చేసి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నాడు. లేవలేదు.

చేతికందిన ప్రతిదాన్నీ ఫెయిల్ చెయ్యడం ఆయన గుణం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ డిపో గ్యారేజీలో బస్సులు పరీక్షించాడు. ఆయన "ఈ బండి గేటు దాటదు" అన్నాడంటే డ్రైవరు ఏడ్చినా దాటేది కాదు. రిటైరయ్యాక బస్సులు దొరక్క ఊరి మీద పడ్డాడు. గోడ గడియారం ఫెయిల్. పక్కింటి రాజులమ్మగారి గేటు ఫెయిల్. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం విని, "ఇంజను బాగుంది, బ్రేకే లేదు," అన్నాడు.

"ఒరే ప్రేమరాజూ, పెళ్ళిచూపుల్లో ఈయన నన్నెలా పాస్ సేసీసేర్రా?" అని మా అక్క లీల నన్నడిగేది.

"ఆరోజు కరెంటు లేదు. టార్చిలైటు తేలేదు," అనేవాడు బావ లోపలి గదిలోంచి.

ఇలా ఉండగా ఒకరోజు ఫోనులో ఎవరో ఇద్దరు ముసలి దొరలు బల్ల మీద బొమ్మ సైన్యాలు మోహరించి, స్కేలుతో కొలిచి నడిపించి, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేల్చుకోవడం చూశాడు. అంతే.

"బామ్మర్దీ, మనం యుద్ధం సేద్దారి. నువ్వు రోము, నేను కార్తేజి."

రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఏనుగులతో మంచుకొండలు దాటి రోము మీద పడ్డ హానిబాల్‌ది ఆ కార్తేజి. నాకూ కార్తేజే కావాలన్నాను.

"నీకెందుకురా? రోములో అందరిదీ ఒకటే యూనిఫాం, నీలాగే తిన్నగా నడుస్తారు. కార్తేజి అంటే తలో ఊరోడూ, తలో బాసోడూ. అచ్చం మన నర్సీపట్నం బస్టాండే. అలాంటి జనాన్ని నడపాలంటే డిపోలో పనిసేసుండాల."

నా రోము సైన్యం పార్సిల్లో వచ్చింది. నాలుగు వారాల్లో రంగులు వేసి బీరువా మీద వరసగా నిలబెట్టాను. బావ మాత్రం బొటనవేలంత బొమ్మల్ని ఒక్కొక్కదాన్నీ పిలిచి ఇంటర్వ్యూ చేసి ఎంచుకునేవాడు. స్పెయిను కత్తివాడు మూడుసార్లు ఫెయిలయ్యాడు, బొజ్జ ఉందని. కళ్ళెం, జీను లేకుండా గుర్రమెక్కిన ఆఫ్రికా రౌతుల్ని చూసి మా అక్క, "ఈళ్ళని పాస్ సేసేరా! మీ మేనల్లుడు మంగరాజుని బండి మీద హెల్మెట్ లేదని ఇంట్లోకి రానివ్వలేదు కదండీ!" అంది. వడిసెల తిప్పి రాళ్ళు రువ్వేవాళ్ళు మాత్రమే మొదటిసారికే పాసయ్యారు. చిన్నప్పుడు నాతవరంలో చేలకాడ పిట్టల్ని తోలిన చెయ్యి కదా, వాళ్ళని చూడగానే బావకు మనవాళ్ళే అనిపించింది.

మిగిలింది ఏనుగు. మా యుద్ధానికి కావలసింది ఒక్కటంటే ఒక్కటి. చలికి మిగతావన్నీ చచ్చిపోయాక హానిబాల్‌కు మిగిలింది అదొక్కటేనట. అయితే అది మన ఏనుగు కాదు. అడవి ఆఫ్రికా ఏనుగు, పొట్టిది. నడుం పల్లంగా, చెవులు చాటల్లా ఉండాలి. పార్సిల్లో వచ్చినవేవీ బావకు నచ్చలేదు. ఏటికొప్పాక వెళ్ళి, లక్కబొమ్మలు చేసే సూరన్నకు పని ఒప్పజెప్పాడు.

సూరన్న నెలకొకసారి అంకుడు కర్రతో ఒక ఏనుగు చేసి, పేపర్లో చుట్టి, ఆటోలో వచ్చేవాడు. బావ గుమ్మంలోనే ఆపేసేవాడు.

"ఎడం సేత్తో ఇస్తావేటయ్యా? కుడిసేత్తో ఇయ్యి!"

సూరన్నది ఎడమచేతి వాటమని నేననుకునేవాణ్ణి. పెద్దమనిషి ఇబ్బందిగా పొట్లం చెయ్యి మార్చుకుని, వణుకుతూ అందిస్తుంటే నాకే సిగ్గనిపించేది. అయినా బావ చెయ్యి చాపేవాడు కాదు, ఆ చెయ్యి తనదాకా వచ్చేవరకూ ఆగేవాడు. తరవాత టార్చిలైటు. స్పానరు. టక్.

"సెవులు సిన్నవి. ఫెయిల్."

"బాబూ, ఏనుగంటే నానెరిగిన ఏనుగు ఇదే!"

"నీ ఏనుగు పెళ్ళికెళ్తాది. నాది యుద్ధానికెళ్ళాల. మల్లీ సేసి తే."

ఫెయిలైనదానికి కూడా కూలి చేతిలో పెట్టి, కాఫీ ఇప్పించి పంపేవాడు. ఆ ఏనుగు సండేస్కూలు పిల్లలకు పోయేది. మా వీధిలో కుక్కలకన్నా ఏనుగులు ఎక్కువైపోయాయి.

బీరువా మీద నా రోమన్లకు రంగు వెలిసిపోతోంది. "బావా, ఒక్కసారి, ఒక్క యుద్ధం చేద్దాం. ఏనుగు స్థానంలో అగ్గిపెట్టె పెట్టుకుందాం," అని బతిమాలాను.

"అగ్గిపెట్టెతో రోము మీదికెళ్తే నవ్వుతార్రా. ఏనుగు పాసవ్వనీ, ఆరోజే నీ పని పడతాను."

ఏడేళ్ళ పైన గడిచింది. ఎనభై మూడు ఏనుగులు ఫెయిలయ్యాయి. ఒక్క యుద్ధమూ జరగలేదు. బావ పోయినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా ఏడుపులో కాస్త కోపం కూడా ఉంది.

బావ పోయాక చర్చివాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు సూరన్న వచ్చాడు. ఎనభై మూడో ఏనుగును అతనికి తిరిగిచ్చాను.

"ఇది కూడా ఫెయిలే సూరన్నా. చెవులు."

సూరన్న కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశాడు. "సిన్నవవ్వవేటి బాబూ? సెయ్యి బాగుపడే కొద్దీ సెవులు సన్నంగా తరిగిపోతన్నాయి. ఏం సెయ్యను?"

"చెయ్యి బాగుపడడమేటి?"

"మీకు తెల్దా! బావగోరు మా ఇంటికొచ్చినప్పుడు నాకు పచ్చవాతం. కుడిసెయ్యి పడిపోయి ఆర్నెల్లు. పని మానీసి మూల కూకున్నాను. ఏనుగు సెయ్యమన్నారు. సెయ్యి ఆడదు బాబూ అంటే, ఎడం సేత్తో సెయ్యి, మాకు తొందరేటి అన్నారు. సేసేను. సెవులు తరగడం రాక సాటల్లాగ ఒదిలీసేను. ఫెయిలన్నారు. మల్లీ సేసేను, మల్లీ ఫెయిలు. రోసవొచ్చీసింది బాబూ! పన్నెండోదానికి కుడిసేత్తో ఉలి పట్టీసేను. ఇప్పుడు మల్లీ షాపులోలు పనిస్తన్నారు."

ఆ స్పానరు సూరన్నకే ఇద్దామని అక్క బావ టూల్‌బాక్సు తెచ్చి తెరిచింది. స్పానరు కింద పాత బనియను గుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పితే పొట్టి ఏనుగు. పల్లపు నడుం. చాటల్లాంటి చెవులు, వాటిమీద వంకర ఉలి గాట్లు.

"ఇది నా మొదటిదే!" అన్నాడు సూరన్న.

కుడిచేత్తో దాన్ని తిరగేశాడు. పొట్ట కింద నీలం బాల్‌పెన్నుతో, బస్సుల రిజిస్టరులో రాసినట్టే, బావ దస్తూరీ ఉంది:

"ఫిట్. గేటు దాటవచ్చు. 14-8-2018."