మామ వీపు, అత్త పీచు

మొన్న గోదావరిఖని మార్కెట్లో ఎండిన బీరపీచులు కుప్పపోసి అమ్ముతుంటే మా కోడలు ఒకటి ఎత్తి చూసి, "వీటితోని ఇంకా ఒళ్లు రుద్దుకుంటరా అత్తమ్మ?" అని నవ్వింది. రుద్దుకోవడమేమిటి, మా అత్త చేతికి పీచు దొరికితే గోడ సున్నమైనా రాలాల్సిందే.

మా మామ గనిలో బొగ్గు ఎత్తిన మనిషి. డ్యూటీ దిగి వచ్చాక స్నానమయ్యేదాకా ఎవరినీ ముట్టేవాడు కాదు, పలకరించేవాడూ కాదు. మా ఆడబిడ్డను చూడటానికి మగపెళ్లివాళ్లు వచ్చిన రోజు కూడా నల్లటి మొహంతో తలదించుకుని వాళ్ల ముందు నుంచే లోపలికి వెళ్లిపోయాడు. పిల్ల తండ్రికి ఇంత పొగరా అనుకున్నారట వాళ్లు. లోపల అత్త ఎర్రసబ్బు పట్టించి వీపు తోముతూనే ఉంది, బయట మేం చాయ్ మళ్లీ మళ్లీ వేడిచేస్తూనే ఉన్నాం. ఆ మొగుడూ పెళ్లాలు మనసువిప్పి మాట్లాడుకునేది ఆ కాసేపే. కొట్లాటలూ అక్కడే, రాజీలూ అక్కడే.

రిటైరైన కొన్నేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. మంచం మీదే తడిసిపోయేవాడు. తడిసిన ప్రతిసారీ అత్త వేడినీళ్లూ సబ్బూ పీచూ తెచ్చి పాత పద్ధతిలోనే రుద్దేది. ఆపైన పౌడరు గుమ్మరించేది. మా ఎండాకాలం చెమటకు ఆ పౌడరు ముద్దకట్టి తొడల సందున ఒరుసుకునేది. ఒకనాడు డైపర్ విప్పి చూస్తే తొడలు ఎర్రగా కమిలి, పిరుదు దగ్గర తోలు లేచి ఉంది. పుండు ముదిరితే ఈ మనిషి మనకు దక్కడనిపించింది.

దవాఖానకు తీసుకుపోతే సిస్టరమ్మ చూసి, "రుద్దకుండ్రి అవ్వ. ముసలి తోలు, తడికి నాని ఉంటది, రుద్దితే లేస్తది. తడిసినంక జల్ది మార్చి, గోరువెచ్చటి నీళ్లతోని కడిగి, మెత్తటి బట్టతోని అద్దుండ్రి. ఆరినంక ఈ క్రీము పల్చగ పుయ్యుండ్రి. పౌడరు వద్దే వద్దు" అంది. అత్త దారి పొడుగునా సణిగింది. "అద్దితే మురికి పోతదా? ఆమె బొగ్గు చూసిందా ఎన్నడన్న?"

అయినా మర్నాడు తన పాత నూలుచీర చింపి, మెల్లగా అద్దడం మొదలుపెట్టింది. మామ తడబడే నాలుకతో అడిగాడు. "ఏందే, నన్ను ముట్టుకుంటె రోతయితున్నదా? గట్టిగ రుద్దు."

అత్త చేయి ఆగిపోయింది. నేను నచ్చజెప్పబోతే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నీ తోలు పోతదయ్య" అంటూ అత్త ఏడుస్తూనే అద్దింది. ఆ ఏడుపు చూస్తే నాకు సిస్టరమ్మ మీద కూడా కోపం వచ్చింది, పాపం ఆమె తప్పేముంది.

పుండు మెల్లగా మానింది. ఆయన మనసు మాత్రం మానలేదు. స్నానం వేళ అత్తతో మాటలు బందు పెట్టాడు. పాత షిఫ్టు దోస్తు చూడవస్తే, "దగ్గరికి రాకు తమ్మి, నేనింకా శుభ్రం కాలే" అన్నాడు. ఆ మాటకు అత్త వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. ఒంటి మీద ఒక్క పుండు లేదు. చివరి స్నానం చేయించేటప్పుడు అత్త చేతికి సబ్బు ఇచ్చారు. ఆమె నా వైపు తిరిగి, "ఇప్పుడన్న గట్టిగ రుద్దొచ్చా బిడ్డ?" అని అడిగింది. రుద్దు అత్తా అన్నాను. కానీ ఆ చేయి అద్దుతూనే పోయింది. ఎంతటి అలవాటునైనా కాలం మాన్పిస్తుందంటారు గాని, మాన్పించాక ఆ చేతులకు ఏం చెప్పాలో అది చెప్పదు.