పెడల్ మీద పెద్దమ్మ

మా పెద్దమ్మ పొద్దున్నే సైకిల్ మీద ఇంటింటికీ పేపరు వేసేది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో విసిరితే పేపరు సరిగ్గా గడప ముందు పడేది. పెద్దనాన్న వెల్డింగ్ షాపులో గేట్లు చేసేవాడు.

అరవై దాటాక పెద్దమ్మకు ముందు చెయ్యి వణకసాగింది. తర్వాత అడుగు మొరాయించింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. "మేకు కొట్టినట్టుందే, కదలనంటున్నాయి" అనేది నాతో. చూసినవాళ్లు అది ఒట్టి భయమన్నారు. పెద్దనాన్న సైకిల్ తాళంచెవి దాచేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"మెదడు పైపొర కింద, బాగా లోపల, కొన్ని కణాల ముద్దలుంటాయమ్మా. నడకలాంటి అలవాటు పనులు ఆలోచించకుండానే మొదలవ్వాలంటే అవి సరిగ్గా పనిచేయాలి. వాటికి ఓ రసాయనం అందాలి. అది తయారుచేసే కణాలు మీకు తగ్గిపోయాయి. పార్కిన్సన్స్ అంటారు. మందులతో కొంత మేలుంటుంది గానీ పూర్తిగా పోదు."

పెద్దమ్మ డాక్టరమ్మ వైపు తిరిగి, "సైకిల్ తొక్కడం కూడా పోయినట్టేనా?" అంది.

"నిలబడ్డానికే దిక్కులేదు, సైకిలొకటి!" అన్నాడు పెద్దనాన్న.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "నడవలేకపోయినా తొక్కగలిగేవాళ్లున్నారండీ. లోపల్నుంచి రాని సైగ, తిరిగే పెడల్ బయట్నుంచి ఇస్తుందేమోనని మా ఊహ. చూద్దాం పదండి."

ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలోకి వాచ్‌మన్ సైకిల్ తెప్పించారు. పెద్దనాన్న, నేనూ చెరోపక్క పట్టుకుని పెద్దమ్మను ఎక్కించాం. కొంచెం తోశామో లేదో, సైకిల్ మా చేతుల్లోంచి జారిపోయింది! పెద్దమ్మ గోడ వారగా మలుపు తిరిగి, చెట్టు చుట్టూ చక్కర్లు కొట్టి, మా మీదికే దూసుకొచ్చింది.

"ఏవండోయ్, పట్టుకోండి! దిగడం రావట్లేదు!"

పెద్దనాన్న అడ్డంపడి పట్టుకున్నాడు. ఇద్దరూ గడ్డిలో కూలబడ్డారు. పెద్దమ్మ పగలబడి నవ్వుతోంది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

మర్నాటి నుంచి ఆయన గేట్ల పని పక్కనపెట్టాడు. ఆపినా పడిపోకుండా మూడు చక్రాల బండి చేశాడు. పెడళ్లకు పాదం జారకుండా పట్టీలు, వెనకాల వెడల్పాటి సీటు. అడిగితే, "సామాన్లకు" అన్నాడు.

బండి తయారైన రోజు పెద్దమ్మ ముందు సీట్లో కుదురుకుని, వెనక్కి తిరిగి, "ఎక్కండి" అంది.

"నేనా? నలుగురూ నవ్వుతారే!"

"నవ్వనివ్వండి. పళ్లున్నవాళ్లు నవ్వుతారు."

ఎక్కక తప్పలేదు. వీధి దాటి, బజారు దాటి, బండి నది మీది వంతెన ఎక్కింది. ఎత్తులో పెద్దమ్మ వేగం తగ్గింది, ఊపిరి బుసలు కొట్టింది, కాళ్లు మాత్రం ఆగలేదు. నేను పక్కనే పరిగెడుతూ, "వెనకనుంచి తొయ్యమంటావా పెద్దనాన్నా?" అని అరిచాను.

"నోర్ముయ్! మీ పెద్దమ్మ తొక్కుతోంది కనబడట్లేదా?" అన్నాడాయన.

వంతెన నడిమికి చేరేసరికి బస్సులోంచి ఎవరో ఈల వేశారు. అంతసేపూ కండువాతో మొహం కప్పుకున్న పెద్దనాన్న ఆ కండువానే తీసి గాల్లో ఊపాడు. అవతల అంతా పల్లమే. పెద్దమ్మ బ్రేకు మీంచి చెయ్యి తీసింది.