నాగవ్వ మోసుకొచ్చిన బ్లీచింగ్ నీళ్లు

ఎడపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్లో నాగవ్వ నీళ్ల ట్యాంకు చూసుకుంటుంది. మొగుడు చేసిన పనే. ఆయన పోయాక పంచాయతీ ఆమెకిచ్చింది. అంతకుముందు బీడీలు చుట్టిన చేతులు ఆరేళ్లుగా డ్రమ్ములో బ్లీచింగ్ పౌడర్ కలుపుతున్నాయి. అడుగున మిగిలితే మందు దండగని ఆమె కట్టెతో బాగా తిప్పుతుంది. అందుకే ఆ నీళ్లు ఎప్పుడూ సున్నం నీళ్లలా చిక్కగా ఉంటాయి.

ఆ మందునీళ్లను కొలత ప్రకారం ట్యాంకుకు నీళ్లెక్కే సంపులోకి వదిలే డోసింగ్ పంపు అమ్మింది నేనే. డిగ్రీ మధ్యలో వదిలేసి నిజామాబాద్‌లో పంపుల దుకాణంలో చేరాను. ఆమెకిచ్చింది డయాఫ్రం పంపు. లోపల రబ్బరు పొర ఆడుతుంటే రెండు చిన్న గోళీలు దారి తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అమ్మిన రోజు మంచినీళ్లతో నడిపి చూపించాను. ఆమె డ్రమ్ములో ఏముంటుందో అడగలేదు. తప్పు నాదే.

పౌడర్‌లోని సున్నం రేణువులు గోళీల కింద ఇరుక్కున్నాయి. పంపు టక్‌టక్‌మంటోంది, మందు పోవడం లేదు. ఊరి చివరి నల్లా నీళ్లలో క్లోరిన్ లేదని రెండుసార్లు తేలింది. మూడోసారీ లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని పంచాయతీ కార్యదర్శి మధుకర్ చెప్పేశాడు.

మర్నాడే నాగవ్వ బస్సెక్కి, ఐదు లీటర్ల డబ్బాతో దుకాణానికి వచ్చింది.

“ఏందవ్వా, గింత వాసన?”

“బస్సుల కండక్టరు గూడ గదే అడిగిండు. ఇగో, నా నీళ్లు. వీటితోనే నడిపి సూపెట్టు. నీ మంచినీళ్ల ఆట నాకొద్దు.”

“తిప్పుడు బంద్ చేసి, పైన తేరిన నీళ్లే వాడరాదు?”

“తేరేదాక నల్లా ఆగుతదా? ఐదింటికి ఇడువకుంటె ఊరంత నా మీదికొస్తది.”

డయాఫ్రం పంపు అరగంటకే మొరాయించింది. తర్వాత ప్లంజర్ పంపు పెట్టాను. ఎదురొత్తిడి ఎక్కువున్న చోట దానికి తిరుగులేదు. కాని దాని కడ్డీ, నీళ్లు కారకుండా ఆపే సీలును రాసుకుంటూ నడవాలి, అందులో సున్నం గరుకు పడింది. గంటకల్లా సీలు దగ్గర చెమ్మ. మూడోది హోస్ పంపు. రోలర్లు గొట్టాన్ని నొక్కుకుంటూ పోతాయి, అంతే. గోళీల్లేవు, సీలు లేదు.

“బర్రె పాలు పిండినట్టే ఉన్నది,” అంది నాగవ్వ. డబ్బా అడుగు బురదతో సహా ఖాళీ అయింది.

“గొట్టం పలుగుతదవ్వా. నాలుగు నెల్లకోసారి మార్చాలె. పెద్ద ఒత్తిడికి ఆగదు, గాని నీ సంపుకు ఒత్తిడే లేదు.”

“నాకు మార్సనొస్తదా?”

“రెండు స్క్రూలే.”

“మరి గిదే ముందుగాల ఎందుకియ్యలే?”

“నీ డ్రమ్ముల ఏముంటదో అడగలే.”

“సదువొక్కటే ఇడిసిపెట్టినవనుకున్న. అడుగుడు గూడ ఇడిసిపెట్టినవా?”

పాత పంపు వాపసు తీసుకుని, ఆ మధ్యాహ్నమే కొత్తది బిగించి వచ్చాను.

తెల్లారి నేను మళ్లీ ఆ ఊరెళ్లాను. మధుకర్ చివరి నల్లా దగ్గర గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ ఉంటే పసుపెక్కే పరీక్ష చుక్కలు వేశాడు. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. నాగవ్వ నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా పసుపు రంగు దిగింది.

“ఉన్నది,” అని మధుకర్ రాసుకున్నాడు.

నాగవ్వ ఆ గాజు గొట్టాన్ని అడిగి తీసుకుని ఎండకు పట్టి చూసింది. తర్వాత నల్లా గద్దె మీద కూలబడి కాళ్లు చాపుకుంది.

“పది రోజులాయె కన్ను మూతపడక. మీరు పోండ్రి బిడ్డా, నేను జెరసేపు గిక్కడ్నే కూసుంట.”