శ్యామలాంబ టీచరు గారి కాళ్ళ బొమ్మలు

"పుస్తకం నిండా కాళ్ళేంటండీ టీచరు గారూ? చదువుల తల్లిని తీసుకెళ్ళి కాలికింద పెట్టినట్టుంది!"

"కుక్కకి కనిపించేవి అవేనండి మరి."

"కుక్కకి కనిపిస్తే కనిపించనివ్వండి. కొనేది కుక్క కాదు కదా! కొనేవాడికి మొహాలు కావాలి."

"బడిలో కొత్తగా చేరిన పాప కథ, వాళ్ళింటి కుక్క చెబుతోంది అని మొదటి పేజీలోనే రాశాను కదండీ. చెప్పేది కుక్కైతే చూసేదీ కుక్కే."

"ఆ మాటకొస్తే కుక్కకి తెలుగొచ్చా?"

గాజు తలుపుకి ఇవతల కంప్యూటర్ ముందు కూర్చుని నేను ఎక్కాల పుస్తకం కంపోజ్ చేస్తున్నాను. చేతులు ఆపేసి వింటున్నాను. రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర మా ప్రెస్సు. యజమాని బుల్లిరాజు గారు ఎక్కాల పుస్తకాలు, గైడ్లు, రంగుల బొమ్మల పుస్తకాలు వేసి గోదావరి జిల్లాల్లో షాపులకి పంపుతారు. 2002 మే నెల. కరెంటు పోతే ప్రెస్సులో కూర్చోవడం కన్నా గోదావరి ఇసకలో పడుకోవడం నయం.

"ఇదిగో, ఇదొకటి," అని బుల్లిరాజు గారు ఒక కాగితం తీసి గట్టిగా చదివారు. "'పలక మీద కాలు పడితే మా పాప దాన్ని తీసి కళ్ళకద్దుకుంటుంది. నా తోక మీద కాలు పడితే మాత్రం, అడ్డం లెగవే అంటుంది.' పిల్లలకి చెప్పాల్సిన మాటేనా అండీ ఇది?"

"అబద్ధమా?"

"నిజమే. నిజాలన్నీ అచ్చేసుకుంటూ కూర్చుంటే షాపు మూసుకోవాలి."

శ్యామలాంబ గారు కొంగుతో మెడ తుడుచుకుని కాగితాలు సర్దుకుంది. కుర్చీలోంచి లేవడానికి ఆవిడకి టేబుల్ పట్టుకోవాల్సి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకటో తరగతి చెప్పేవాళ్ళకి వచ్చే జబ్బు అది. ఆవిడ మాటే.

కడియం పక్కన ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో ఆవిడ టీచరు. చేరినప్పుడు ఒకటో తరగతి ఇచ్చారు. హెడ్మాస్టర్లు మారారు, పైకప్పు పెంకు నుంచి శ్లాబుకి మారింది, ఆవిడ తరగతి మారలేదు. ప్రతి కొత్త హెడ్మాస్టరూ "ఒకటో తరగతి మీ చేతికి అలవాటండీ" అనేవాడట. అలవాటు కాదు, ఇంకెవరూ తీసుకోరు. ముక్కులు తుడవాలి, నిక్కర్లు కడగాలి, పొద్దున్నే తల్లి కొంగులోంచి పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాలి. భర్త సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సీజనంతా అక్కడ, సీజను అయ్యాక ఇంట్లో నిద్ర. అందుకని ఇల్లూ ఆవిడే, బడీ ఆవిడే.

మా పుస్తకాల ప్రూఫులు దిద్దడానికి వచ్చినప్పుడల్లా నా పక్కన స్టూలు మీద కూర్చుని ఇవన్నీ చెప్పేది. జాలి కోసం కాదు. ప్రింటరు నెమ్మదిగా తిరుగుతుంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"విసుగొచ్చేసిందయ్యా," అంది ఒకరోజు. "వాళ్ళ ఏడుపు వినీ వినీ కాదు. ఏడవకండర్రా అని చెప్పీ చెప్పీ."

బడి మొదటి రోజు గురించి బజార్లో దొరికే పుస్తకాలు కొన్ని ఆవిడ కొని చూసింది. అన్నిట్లోనూ పాప నవ్వుతూ బయల్దేరుతుంది, టీచరు నవ్వుతుంది, కొండల మధ్య సూర్యుడు కూడా నవ్వుతాడు. "మా బళ్ళో మొదటిరోజు నవ్వేది ఐదో తరగతి వెధవలొక్కళ్ళే. ఏడ్చేవాళ్ళని చూసి," అంది. అలాంటి పుస్తకం ఏడుస్తున్న పిల్ల ముందు పెడితే, ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తుందట.

కుక్క సంగతి వేరే. ఆవిడ ఇంట్లో నల్లోడు అని ఒక ఊరకుక్క ఉండేది. రోజూ ఆవిడ వెనకే బడికొచ్చి గేటు దగ్గర పడుకునేది. పోయిన వానాకాలం మొక్కల లారీ కింద పడి చచ్చిపోయింది. ఆ తర్వాత రాసింది ఈ కథ. నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దించే మనిషికీ కుక్కకీ ఒకే ఎత్తులో లోకం కనిపిస్తుందని ఆవిడ లెక్క. కొత్త పిల్లని గుమ్మంలోకి తెస్తే ఆవిడ చూసేది ముందు కాళ్ళే. బొటనవేలు నేలలోకి గుచ్చి నిలబడ్డ పిల్ల నెల తిరిగేదాకా ఏడుస్తుంది. ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకున్నది సాయంత్రానికి ఊరుకుంటుంది. అందుకే షాపుల మీద బోర్డులు రాసే సత్యప్రసాద్‌ని పట్టుకుని బొమ్మలన్నీ మోకాళ్ళ దాకానే గీయించింది. పాప ఉత్తకాళ్ళు, హెడ్మాస్టరు పంచె అంచు, అమ్మ కాళ్ళు, టీచరు చీర కుచ్చెళ్ళు.

గొడవైన వారానికి బుల్లిరాజు గారు అదే సత్యప్రసాద్ చేత ఇంకో సెట్టు గీయించారు. కుక్క తెల్ల బొచ్చుకుక్క అయింది. మెళ్ళో రిబ్బను. పాపకి టై, బూట్లు, నీళ్ళ సీసా.

శ్యామలాంబ గారు వచ్చి చూసి, "ఈ పాప ఎవరండీ?" అంది.

"మీ పాపేనండి."

"మా పాపకి బూట్లెక్కడివి?"

"నేనే కొనిపెట్టాను," అన్నారు బుల్లిరాజు గారు. ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. ఆయన కాస్త తగ్గి, "ఒక పని చేద్దామండీ. బళ్ళు తెరిచాక రెండు సెట్లూ మీ పిల్లల ముందే పెట్టండి. వాళ్ళు దేన్ని పట్టుకుంటే అదే అచ్చేస్తాను. మాటంటే మాటే," అన్నారు.

ఆవిడ వెంటనే ఒప్పేసుకుంది. పిల్లలు తన వైపే ఉంటారని అంత ధీమా. నాకు మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది. నా చిన్నప్పుడు మా వీధిలో బొచ్చుకుక్క ఒక్కటుంటే ఊరంతా దాని చుట్టూ తిరిగేది.

"ఒరేయ్, నువ్వెళ్ళి చూసిరా," అన్నారు బుల్లిరాజు గారు నాతో. "ఎలాగూ కుర్చీలో కుదురుగా కూర్చోవు. కాలేజీలోనే కూర్చోలేదు, ఇక్కడేం కూర్చుంటావ్. రెండు కట్టలూ జాగ్రత్తగా వెనక్కి తీసుకురా."

జూన్‌లో బళ్ళు తెరిచిన రోజు కడియం బస్సెక్కాను. దారి పొడుగునా లారీలకి మొక్కలు ఎక్కిస్తున్నారు. బడి దగ్గర తల్లులు కొత్త పలకలు, పప్పుబెల్లాల పొట్లాలు పట్టుకుని నిలబడ్డారు. పిల్లని బళ్ళో వేస్తే తరగతి అందరికీ పప్పుబెల్లాలు పంచాలి. పెద్ద తరగతుల పిల్లలు అందుకే ఆ రోజు తొందరగా వస్తారు.

తలుపులమ్మ అని మొక్కల నర్సరీలో పనిచేసే ఆవిడ కూతురు హేమశ్రీని చంకనేసుకొచ్చింది. వెనకాల ఎర్రకుక్క ఒకటి. తలుపులమ్మ కాళ్ళకి చీలమండల దాకా మట్టి. పొద్దున్నే కవర్లలో మట్టి నింపే పని కొంత చేసేసి వచ్చినట్టుంది.

"రేతిరి నుంచీ ఒకటే ఏడుపండి టీచరు గారూ. కుక్క వత్తేగానీ రానందండి. దీన్నీ తీసుకొచ్చానండి మరి."

"మంచిపని చేశావు. దానికీ ఒక పలక కొన్నావా?"

"ఊరుకోండి టీచరు గారూ," అని తలుపులమ్మ నవ్వి, పిల్లని దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చూస్తే వెళ్ళలేదని ఆవిడకి తెలుసు. హేమశ్రీ బొటనవేలు నేలలోకి గుచ్చి నిలబడి అరుపు లంకించుకుంది. కుక్క గేటు దగ్గర ఆగిపోయింది.

శ్యామలాంబ గారు రెండు సెట్లూ తరగతి మధ్యలో నేల మీద పరిచింది. ఏదీ ముందుకు తొయ్యలేదు, ఏదీ దాచలేదు. పిల్లలు ఒక్కసారిగా తెల్ల కుక్క మీద పడ్డారు.

"బొచ్చుకుక్కరోయ్!"

"బిస్కట్లు తింటాదాండి ఇది?"

"రిబ్బను ఎవరు కట్టారండి టీచర్? పడుకున్నప్పుడు తీసేత్తారా?"

ఒకడు కాళ్ళ బొమ్మల కాగితాన్ని తొక్కాడు. తొక్కినవాడు ఠక్కున వంగి, దాన్ని తీసి రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. తర్వాత తిప్పి చూసి, "మొహాలు గీయలేదేంటండీ? రంగు అయిపోయిందా?" అన్నాడు.

ఆవిడ "ఆఁ, అయిపోయింది" అంది. గోడకి ఆనుకుని కూర్చుని మోకాళ్ళు నొక్కుకోసాగింది. నేను మొహం తిప్పుకున్నాను.

హేమశ్రీ గుమ్మం దగ్గరే కూలబడి ఇంకా ఏడుస్తోంది. మామూలుగా అయితే ఆవిడ వెళ్ళి బుజ్జగించేదేమో. ఆ పూట ఓపిక లేదు. కాళ్ళ బొమ్మల కట్ట తీసి ఆ పిల్ల పక్కన పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. అంతే.

చాలాసేపు ఆ పిల్ల దాని వంక చూడలేదు. తర్వాత ఏడుస్తూనే ఒక కాగితం లాగింది. పగిలిన మడమలు, మట్టి, రెండు మెట్టెలు. అది అమ్మ బొమ్మ. దాని మీద వేలు పెట్టి "అమ్మ" అంది. ఎవరితోనూ కాదు. ఏడుపు ఆగిందని నేను చెప్పను, ఆగలేదు. వెక్కిళ్ళకి దిగింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని ఇంకోటి లాగింది.

"మీరే గెలిచారండీ," అన్నాను.

"ఏం గెలవడమయ్యా! తరగతంతా అటు, ఇదొక్కతి ఇటు. మాటంటే మాటే. బొచ్చుకుక్కే వేసుకోమని చెప్పు మీ రాజు గారికి. ఏడవని పిల్లలకి ఏ కుక్కైనా బాగానే ఉంటుంది."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నాకు బాధగా అనిపించింది. కాస్త తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం బస్సు వేళకి బొచ్చుకుక్క కట్ట సర్దుకున్నాను. రెండోది హేమశ్రీ ఒళ్ళో ఉంది. నేను చెయ్యి చాపగానే కాగితాల మీద బోర్లా పడుకుంది. రాజు గారు రెండూ తెమ్మన్నారని టీచరు గారితో చెప్పాను.

ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా లేచి నా దగ్గరికొచ్చింది.

"దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళవా బాబూ? ఇది రేపు కూడా ఏడుస్తుంది. పై ఏడు ఇంకొకత్తి వస్తుంది. మీ రాజు గారు అడిగితే, కుక్క ఎత్తుకుపోయిందని చెప్పు."